తలమూల

బొంతకి తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు ఉంటాయని తవిటమ్మ కుట్టిన బొంత కప్పుకున్నవాళ్లకే తెలుసు. కుట్టుపని అంతా అయిపోయాక కుడివైపు పైమూలలో ఎర్రదారంతో చిన్న వరికంకి వేసేది. అది తలమూల. దీపం లేకపోయినా వేలితో తడిమితే కంకి తగిలేది, ఇటే తల అని తెలిసేది. కాళ్లు ఆనిన వైపు ముఖం మీదికి రాకూడదు. "బొంత కాడ మరేద నేకపోతే మనిషి కాడ ఏటుంటాది" అనేది.

పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. కొబ్బరిచెట్టు మీంచి పడి మొగుడు పోయాక ఆ సూదే అన్నం పెట్టింది. సొంతూరు బారువలో ఉన్న ఇళ్లెన్ని, వాటికి కావాల్సిన బొంతలెన్ని? అందుకని సంచిలో సూదులు, దారపు ఉండలు వేసుకుని ఊళ్లు పట్టుకు తిరిగేది. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, ఇటు పలాస జీడితోటల దాకా. ఏ ఇంటి పాత చీరలతో ఆ ఇంటి బొంత, ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని కుట్టేది. ఒక ఇంటి గుడ్డ ఇంకో ఇంటి బొంతలో కలిపేది కాదు. బొంత పూర్తయ్యేసరికి ఆ ఇంట్లో ఎవరికి ఎవరంటే పడదో, ఏ కోడలు ఏ చీర మీద ఆశ పెట్టుకుందో అన్నీ తెలిసిపోయేవి. తెలిసినవి మాత్రం ఆ అరుగు దిగేటప్పుడు అక్కడే వదిలేసేది.

ఆ వైపు ఊళ్లలో ఇంకో కట్టుబాటు ఉంది. మనిషి పోతే, శవాన్ని లేపకముందే కిందనున్న బొంత లాగేస్తారు. దాన్ని ఉతకరు, ఎండబెట్టరు, ఎవరికీ దానం చెయ్యరు. సముద్రం వెనక్కి తీసే వేళ చూసి నీళ్లలో వదిలేస్తారు. చచ్చినవాడి బొంత మీద పడుకుంటే వాడు తోడుకి పిలుస్తాడంటారు. తవిటమ్మ కుట్టిన బొంతలు ఎన్నో అలా సముద్రంలోకి వెళ్లడం ఆవిడే చూసింది. చూసినప్పుడు బాధపడేది కాదు. మనిషితో వచ్చింది మనిషితోనే పోవాలి గదా అనుకునేది.

కొడుకు ఒక్కడే, పరమేశ్వర్. పరమేశు అని పిలిచేది. చదువు అబ్బక, గంజాం కుర్రాళ్లతో కలిసి సూరత్ మగ్గాల్లోకి వెళ్లాడు. వెళ్లేటప్పుడు బొంత కుట్టి ఇచ్చింది. పైన తన ఆకుపచ్చ నేతచీర, లోపల వాడి నాన్న పంచెలు, అంచుల్లో వాడి బడిచొక్కా నీలం ముక్కలు. తర్వాత సెలవుకి వచ్చినప్పుడు ఊర్మిళతో పెళ్లయింది. వాడు తిరిగి బండెక్కే ముందురోజు ఊర్మిళ తన పెళ్లిచీర కొంగులోంచి పసుపు ముక్క కత్తిరించి, బొంతకి కాళ్లవైపు తనే కుట్టింది. ఆ కుట్లు చూసి తవిటమ్మ నవ్వింది.

"ఇదేటే, పేడ మీద కోడి నడిసినట్టుంది."

"ఉండనీ అత్తా. నీ కుట్టు తలకాడ, నా కుట్టు కాళ్లకాడ" అంది ఊర్మిళ.

ముందటి ఏడాది ఎండాకాలంలో పరమేశు ఫోన్ ఆగిపోయింది. రేపు చేస్తాడు, ఎల్లుండి చేస్తాడు అనుకుంటుండగానే రెండు వానాకాలాలు గడిచిపోయాయి. సూరత్ వెళ్లే ప్రతి కుర్రాడికీ చెప్పి పంపారు. ఒకడు చూశానన్నాడు, ఒకడు అలాంటివాడు అక్కడ లేడన్నాడు. చివరికి ఊర్మిళ అన్నలు వచ్చి, ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం మా చెల్లిని ఎన్నాళ్లు కూర్చోబెడతారని అడిగారు. కవిటిలో ఒక సంబంధం ఉంది. భార్య పోయినవాడు, మంచివాడే. అన్నలు అడిగిన దానిలో తప్పు తవిటమ్మకి కనిపించలేదు.

"నాను ఎల్లి చూసొస్తాను" అంది ఊర్మిళతో. "ఉంటే ఉన్నాడని, నేపోతే నేడని ఏదో ఒక మాట తెస్తాను. ఆ మాట వచ్చీదాకా నువ్వు ఔననొద్దు, కాదనొద్దు."

అలా పలాసలో బండెక్కింది.

సూరత్‌లో దిగడానికి ఒక చోటు ఉంది. అడాజన్‌లో శేషారత్నం ఇల్లు. సోంపేట పిల్ల, భర్త గోవిందరాజులు రైల్వేలో పని. శేషారత్నం పుట్టినప్పుడు పొత్తిగుడ్డ బొంత కుట్టింది తవిటమ్మే. ఆ చనువుతో వెళ్లింది, ఆ చనువుతోనే వాళ్లు ఉండమన్నారు. ఒక్క ఎండునెత్తళ్ల దగ్గరే చిక్కు వచ్చింది. పరమేశుకి ఇష్టమని బారువ నుంచి పొట్లం కట్టి తెచ్చింది. ఆ వాసనకి ఎదురింటి గుజరాతీ ఆవిడ రెండుసార్లు తలుపు కొట్టింది.

"పిన్నీ, ఆ పొట్లం పారెయ్యవే. సొసైటీలో మమ్మల్ని వెలేసేలా ఉన్నారు" అంది శేషారత్నం నవ్వుతూనే.

"పారీను. సంచిలో నాతోటే తిప్పుతాను. వాడు ఏ రోజు కనపడతాడో ఏటో."

నిజంగానే రోజూ సంచిలో వేసుకుని తిరిగింది. గోవిందరాజులు స్టేషన్లలో, పోలీసుల దగ్గర తనకి చేతనైనంత అడిగి చూశాడు. తవిటమ్మకి చేతనైన పద్ధతి ఒక్కటే. పొద్దున్నే బస్సెక్కి ఖటోదరాలో దిగి, తెలుగువాళ్లుండే సందుల్లో నడుస్తూ "బొంతలు కుడతానమ్మా, బొంతలు" అని కేకేసేది. అరుగు దొరికితే మాట దొరుకుతుంది, మాట దొరికితే మనిషి దొరుకుతాడని ఆవిడ నమ్మకం.

అక్కడి ఆడవాళ్లు కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్లు. మొదట ఆవిడ మాటకే నవ్వారు.

"ఏమంటున్నవ్ అవ్వా, జర మళ్ల అను."

"బొంతలమ్మా. పాత చీరలుంటే ఇయ్యండి."

"ఇది సూరత్ అవ్వా. గీడ చీరలన్నీ పాలిస్టరే. బొంత కుడితే చెమటకు చేప లెక్క జారుడే."

మాట నిజమే. ఊరంతా చీరలే. రింగ్ రోడ్డులో చీరల కొండలు. కానీ సూది దిగే గుడ్డ లేదు. ఉన్నవి మెత్తగా చేతిలోంచి జారిపోయేవి, చెమట పీల్చేవి కావు. అయినా ఊరి నుంచి వచ్చేటప్పుడు తల్లులు ఇచ్చిన నేతచీర ఒకటో రెండో ప్రతి పెట్టెలోనూ అడుగున ఉండేవి. లత అనే పిల్ల అలాంటివి రెండు తెచ్చి ఇచ్చింది. తవిటమ్మ వాళ్ల గడపలో కూర్చుని కుట్టింది. చివర ఎర్రదారం ఎక్కించి మూలలో కంకి వేస్తుంటే లత వంగి చూసింది.

"అవ్వా, గిసొంటి పువ్వు నేను జూసిన."

తవిటమ్మ సూది ఆగిపోయింది. "పువ్వు కాదమ్మా, కంకి. ఎక్కడ చూసినావు?"

"గా ఎన్క గల్లీల నర్సవ్వ మెస్సు లేదా? మస్తు దినాలాయె. ఎండల ఆరేసిన్రు ఓ బొంత. పచ్చది. మూలకు గిట్లనే ఎర్రగ ఉండె."

ఆ కంకి ప్రపంచంలో ఇంకెవరూ వెయ్యరు. అత్తగారు కూడా వేసేది కాదు. తవిటమ్మ దారం కొరికి, సూది సంచిలో గుచ్చి లేచింది. లత బొంత ఇంకా మడత పెట్టనే లేదు.

మెస్సు అంటే మగ్గాలు నడిచే షెడ్డు, అక్కడివాళ్ల మాటలో ఖాతా, దాని వెనకాల పొడుగాటి రేకుల గది. ఒక చివర పొయ్యి, ఒక చివర కుళాయి. మధ్యలో నేల మీద వరసగా పక్కలు, పక్కల మీద మగవాళ్లు. మిట్టమధ్యాహ్నం అందరూ చచ్చినట్టు నిద్రపోతున్నారు. గోడ అవతల మగ్గాల చప్పుడు నేలలోంచి పాదాల్లోకి ఎక్కుతోంది. వంటావిడ లేదు, కూరగాయలకి వెళ్లిందట. గడప దగ్గర బట్టలు పిండుకుంటున్న ఒకతను ఆ మాట చెప్పాడు.

తవిటమ్మ కళ్లు గది చివరిదాకా వెళ్లక్కర్లేకపోయింది. గోడవారన మూడో పక్కలోనే ఉంది. ఆకుపచ్చ రంగు వెలిసి బూడిదరంగు తిరిగింది గానీ, కాళ్లవైపు ఆ పసుపు ముక్క, దాని చుట్టూ కోడి అడుగులు అలాగే ఉన్నాయి. బొంత మీద ఎవరో కుర్రాడు బోర్లా పడుకుని ఉన్నాడు. తలవైపు బొంతని చుట్టి తలగడలా పెట్టుకున్నాడు. ముఖం పరమేశుది కాదు.

ఆవిడ ముట్టుకోలేదు. పాదాల దగ్గర కూర్చుంది. ఆ అలికిడికి కుర్రాడు ఒక కన్ను తెరిచాడు.

"ఎవలవ్వా?"

"ఈ బొంత నీదా నాయనా?"

"మాది. నాదీ, జోడీదారుదీ."

"జోడీదారంటే?"

కుర్రాడికి నిద్ర మత్తు. పేరు రఘుపతి అని తర్వాత తెలిసింది. "ఒక్కో పక్క ఇద్దరికవ్వా. నాది రాత్రి పాలీ, గదే డూటీ, పొద్దంత నేను పంట. ఆయనది పగలు పాలీ, రాత్రి ఆయన పంటడు. ఇప్పుడు ఖాతాల ఉన్నడు. పొద్దూకినంక వస్తడు." అంతే, మళ్లీ కన్ను మూసేశాడు.

తవిటమ్మ లేచి బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. ఈ పక్కకి ఇద్దరు. ఒకడు ఇక్కడ నిద్రపోతున్నాడు, ఒకడు పనిలో ఉన్నాడు. బొంత పరమేశుది. పైగా బొంత వాడుకలో ఉంది. చచ్చినవాడి బొంత అయితే ఏ తల్లి కన్నవాడూ దాని మీద ఇంత సుఖంగా నిద్రపోడు. రెండూ కలిపి చూసుకుంటే ఒకటే మాట వస్తోంది. చీరకొంగులో ముడేసుకున్న చిన్న ఫోన్ తీసి, ఊర్మిళ నెంబరు నొక్కింది.

"ఊర్మిళా, దొరికినాడే."

తవిటమ్మ ఫోన్ ఇంకో చెవికి మార్చింది.

"వింతన్నావా?"

"వింతన్నాను అత్తా. మాటాడించు."

"పనికెల్లినాడే. పగలు పాలీ అంట. పొద్దుగూకితే వస్తాడు. నాను బొంత చూసినాను. నీ పసుపు ముక్క అలగే ఉంది. నీ కోడి అడుగులు ఒక్కటీ ఊడనేదు."

"ఆయన్ని చూసినావా?"

"బొంత చూసినానంటే. దాని మీద ఎవుడో తొంగున్నాడు, వంతులంట ఇక్కడ. చచ్చినోడి బొంత మీద ఎవుడైనా తొంగుంటాడేటి, నువ్వే సెప్పు."

ఊర్మిళ ఏడుస్తూనే నవ్వింది. "తొంగోడు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అత్తా, మా అన్నలు వచ్చి కూకున్నారు. రేపు కవిటి వాళ్లు వస్తారంట. ఏటి సెప్పమంటావు?"

"ఎలిపొమ్మను. కడుపునిండా అన్నం పెట్టి మరీ పంపు."

"అలగే. ఏటత్తా ఆ చప్పుడు?"

"మగ్గాలే. మీ ఆయన నేస్తన్న చప్పుడు."

ఫోన్ పెట్టేశాక తవిటమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. సంచిలోంచి నెత్తళ్ల పొట్లం తీసి కుళాయి దగ్గర కూర్చుని, ఒక్కొక్కదాని తలకాయ గిల్లి, ఇసుక పోయేదాకా కడిగింది. కడుగుతూ, వాడు వస్తే ఏమనాలో అనుకుంది. తిట్టాలనే అనుకుంది. తర్వాత, తిట్టేది అన్నం తిన్నాకే అనుకుంది.

కూరగాయల సంచితో నర్సవ్వ వచ్చింది. బలమైన మనిషి. నుదుట పెద్ద బొట్టు.

"ఎవలక్కా నువ్వు? నా నల్ల కాడ చేపలు కడుగుతున్నవ్?"

"పరమేశు అమ్మనమ్మా. బారువ నుంచి వచ్చినాను."

నర్సవ్వ సంచి కింద పెట్టింది. అందులోంచి వంకాయలు రెండు దొర్లి కాలువ దాకా పోయాయి. ఆమె వాటిని తీసుకోలేదు.

"పరమేశ్ అమ్మవా" అంది.

"ఔను. పొద్దుగూకితే వస్తాడంట గదా. నీకేటీ కోపం నేకపోతే, నీ పొయ్యి మీద ఇవి వేపుకుంటాను. వాడికి మాడినవే ఇష్టం."

నర్సవ్వ ఆవిడ ముఖంలోకి చూసింది, చేతిలోని గిన్నెలోకి చూసింది. "ఎవలు జెప్పిన్రు నీకు, వస్తడని?"

"ఆ తొంగున్న కుర్రాడు. జోడీదారు పొద్దుగూకితే వస్తాడన్నాడు."

నర్సవ్వ కూరగాయల సంచి గోడవారకి జరిపింది. "లోపటికి రా అక్కా. కూసో. చాయ్ పెడ్త" అంది. గిన్నె తనే అందుకుంది. మూకుడు పెట్టి, నూనె పోసి, నెత్తళ్లు వేసి, గరిటె కదపకుండా దాని వైపే చూస్తూ నిలబడింది. బారువ గురించి అడగలేదు, ప్రయాణం గురించి అడగలేదు. ఎన్నో ఇళ్ల అరుగుల మీద కూర్చున్న మనిషి తవిటమ్మ. మాట రాని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. కానీ ఆ వేళ తెలుసుకోవాలనిపించలేదు.

"తెలుగోళ్ల ఊరి నుంచి వచ్చినావు, ఇక్కడ ఎన్నాళ్లైందమ్మా నువ్వొచ్చి?" అని తనే మాట కలిపింది.

"మస్తు ఏండ్లాయె."

"మా వాడు నీ చేతి అన్నం తింటాడా, వంకలు పెడతాడా?"

నర్సవ్వ పొయ్యి తగ్గించింది. "మంచిగ తినేటోడు" అంది గోడ వైపు చూస్తూ.

గోడ అవతల చప్పుడు ఒక్కసారిగా సగానికి తగ్గింది. పాలీ మారే వేళ. గదిలో నిద్రపోతున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, కుళాయి దగ్గర తోసుకుంటున్నారు.

"అరే, సబ్బు ఎత్తుకపోయినోడు ఎవడ్రా?"

"సబ్బు నీ మొఖానికి ఎందుకుర, ఇంక నల్లగైతవ్."

రఘుపతి కూడా లేచాడు. అలవాటు ప్రకారం వచ్చేవాడి కోసం బొంత రెండు చేతులతో ఎత్తి గుమ్మంలో నిలబడి దులిపాడు. సాయంత్రపు వెలుగులో బొంత మొత్తం విచ్చుకుంది.

తవిటమ్మ చూసింది. కుడివైపు పైమూల లేదు.

అరిగి పోయిన మూల అలా ఉండదు. అరిగితే పీచులు లేస్తాయి, పొరలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తగ్గుతాయి. ఎలుక కొరికితే అంచు పళ్లుపళ్లుగా ఉంటుంది. ఇది కత్తెరతో కోసినది. జానెడు ముక్క, నలుచదరంగా, పొరలన్నీ ఒకే గీత మీద. కోసిన అంచుని గోనెసంచి దారంతో ఎవరో దూరదూరంగా కుట్టారు.

ఎవరైనా చింపిరి గుడ్డ కావలసి కోసుకోవాలంటే కాళ్లవైపు కోస్తారు. తలమూల కోశారంటే తల కోసమే కోశారు.

ఆవిడ లేచి వెళ్లి రఘుపతి చేతిలోంచి బొంత తీసుకుంది. కోసిన చోట బొటనవేలు పెట్టి, కంకి ఉండాల్సిన జాగా తడిమింది. అక్కడ ఏమీ లేదు. వెనక్కి తిరిగి నర్సవ్వ వైపు చూసింది.

"ఎవరు కోసినారమ్మా?"

నర్సవ్వ గరిటె కింద పెట్టింది. "నేనే కోసిన అక్కా."

కుళాయి దగ్గర సబ్బు గొడవ ఆగిపోయింది.

పగలు పాలీ వాళ్లు లోపలికి వస్తున్నారు. జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి నూగు. వాళ్లలో ఒకతను, నలభై దాటిన మనిషి, గోడవారన మూడో పక్క దగ్గరికి వచ్చి, బొంత లేకపోవడం చూసి ఆగాడు. ఆయన పేరు ఆగయ్య. బొంత ఎవరి చేతిలో ఉందో, ఆ చేతులు దాన్ని ఎలా పట్టుకున్నాయో చూశాడు. నర్సవ్వ ముఖం చూశాడు. ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది.

"పరమేశ్ అమ్మవు" అన్నాడు.

తవిటమ్మ తల ఊపింది.

ఆయన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కూడా కూర్చుంది, బొంత ఒళ్లో పెట్టుకుని.

"బరంపురం పిలగాడు ఒకడు ఊరికి పోతుండె" అన్నాడు ఆగయ్య. "సోంపేటల దిగి, మీ ఊరు దెలుసుకొని చెప్తనన్నడు. మల్ల వాడు సూరత్‌కు రాలే. చెప్పిండనే అనుకున్నం అమ్మా. పరమేశ్ ఫోను తెరుసుకోలే, మీ నంబరు దొరకలే. మీరు వస్తరని ఎదురుజూసినం. రాకుంటే, రాలేని దూరం గదా అనుకున్నం."

"ఎప్పుడు?"

"ఆ ముంగటేడు ఎండకాలం. జొరం ఉండె. పోకురా అని నర్సవ్వ జెప్పింది. పోయిండు. రాత్రి మగ్గం కాడ కూలవడ్డడు. ఎత్తుకొని దవాఖానకు పోయిన్రు. పొద్దు నడినెత్తికి రాకముందే పానం పోయింది." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "నేను పొద్దుగాల్నే ఖాతాల దిగిన. నాకు ఎవలూ జెప్పలే. రోజూ వాడు లేశిపోయినంక నేనొచ్చి పండుతుంటి, పక్క వెచ్చగుంటుండె. ఆ దినం వచ్చి పండితే సల్లగుండె. గప్పుడు లేశి అడిగిన, పరమేశ్ యాడ అని."

తవిటమ్మ వేలు కోసిన అంచు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏండ్లు ఒక్క పక్క మీద పన్నం" అన్నాడు ఆగయ్య. "ఒక్కనాడన్న కలిశి పండలే. గేటు కాడ ఎదురుపడేది. మా అమ్మ బొంత మంచిగ దులుపు అన్నా, తల దిక్కు కాళ్లు వెట్టకు అనేటోడు. రోజూ అదే మాట. నవ్వేటోన్ని."

"నిప్పు?"

"నేనే వెట్టిన. తాపీ నది ఒడ్డున. జోడీదారును గదా."

నర్సవ్వ ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది. "ఒట్టి కట్టెల మీద ఎట్ల పండవెడ్తం అక్కా. తల కింద ఏమన్న ఉండాలె గదా. బొంతంత పంపుదమనుకున్న. గని ఆగయ్యకు కింద ఏసుకోను వేరే లేకుండె. అందుకని మూల కోశిన. యే మూలనో నాకు ఎర్కలే. ఎర్రదారం ఉన్నది తలాపు అనుకున్న. తప్పు జేసిన్నా?"

"నేదమ్మా" అంది తవిటమ్మ. "సరిగ్గానే కోసినావు."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. బొంతని ముఖానికి ఆనించుకుని, బారువలో ఎన్నో చావుల దగ్గర కూర్చున్న ముసలమ్మ ఏడ్చినట్టు, ఒక ఒరవడిలో ఏడ్చింది. కాళ్లు ఆనిన వైపో తల ఆనిన వైపో చూసుకోలేదు.

రఘుపతి చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాడు. తను ఇన్నాళ్లూ పడుకున్నది ఎవరి జాగాలోనో వాడికి ఇప్పుడే తెలిసింది. "నాకు ఎవలు జెప్పలేదన్నా" అన్నాడు ఆగయ్యతో. ఆ గొంతులో భయం ఉంది. తవిటమ్మ తలెత్తి చూసింది. పరమేశు కన్నా చిన్నవాడు.

"నీకేటీ అవదు నాయనా" అంది. "మావాడు మంచోడు. ఎవుర్నీ తోడు పిలవడు. పనికెల్లు, లేటైపోతాది."

వాడు వెళ్లిపోయాడు. గోడ అవతల మగ్గాలు మళ్లీ పూర్తిగా అందుకున్నాయి.

ఆగయ్య చేతులు కడుక్కుని వచ్చాడు గానీ కంచం ముందు కూర్చోవడానికి మొహమాటపడ్డాడు. తవిటమ్మ లేచి, పొయ్యి దగ్గరికి వెళ్లి, వేయించిన నెత్తళ్లు చూసింది. నర్సవ్వ కదపకుండా వదిలేయడంతో బాగా మాడాయి. పరమేశుకి ఎలా కావాలో అలాగే ఉన్నాయి. ఆవిడే అన్నం పెట్టి, నెత్తళ్లన్నీ ఆగయ్య కంచంలో వేసింది.

"గిన్ని ఎందుకమ్మా."

"నిప్పు పెట్టినోడికి అన్నం పెట్టాల. మా కాడ అంతే. తిను."

ఆయన తిన్నాడు. చివరిదాకా తలెత్తలేదు. తిన్నాక బొంత వైపు చూడకుండా వెళ్లి, మూడో పక్క జాగాలో వట్టి నేల మీద, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నాడు.

"ఈ పూటకి ఏసుకో బాబూ. తెల్లారి పట్టుకెల్తాను" అంది తవిటమ్మ.

"వద్దమ్మా. ఇంక దాని మీద నిద్ర రాదు." కాసేపటికి, "మీ సముద్రంల ఇడుస్తరట గదా. వాడు జెప్పిండు" అన్నాడు.

తవిటమ్మ బొంతని నేల మీద పరిచి మడత పెట్టింది. తలవైపు పైకి రావాలి. మడత పెట్టేటప్పుడు చెయ్యి అలవాటుగా కంకి కోసం వెతికింది, దొరక్క ఆగింది, మళ్లీ వెతికింది. చివరికి పసుపు ముక్క ఉన్నది కాళ్లు కాబట్టి దానికి ఎదురుది తల అని లెక్క చూసుకుని మడత పూర్తి చేసింది.

కొంగు ముడిలో ఫోన్ మోగింది. ముడి విప్పడానికి వేళ్లు సాగలేదు. నర్సవ్వ విప్పి ఇచ్చింది.

"అత్తా, వచ్చీసినాడా?" ఊర్మిళ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "పొద్దుగూకిపోనాది గదా. ఇయ్యి ఆయనకి. నాను తిట్టనని సెప్పు. అడగనని సెప్పు, ఇన్నాళ్లేటి సేసినావని."

తవిటమ్మ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"ఊర్మిళా, మీ అన్నలు ఎలిపోయినారేటి?"

"ఎలిపోయినారు. నువ్వు సెప్పినట్టే అన్నం పెట్టినాను. పెద్దన్నకి కోపమొచ్చింది. సగం తినీసి లేచీసినాడు. అయినా ఇప్పుడెందుకత్తా అవన్నీ? ఆయనకి ఇయ్యి."

"ఎంత దూరం ఎల్లుంటారు?"

"ఇప్పుడే బయలెల్లినారు. స్టేషన్ కాడ ఉంటారు. ఏటి?"

"నాను తప్పు సెప్పినానే గుంటా" అంది తవిటమ్మ. "బొంత చూసి సెప్పినాను. మనిషిని చూడనేదు. మనిషి నేడే. ఆ ఎండాకాలమే ఎలిపోయినాడు. నువ్వు ఎదురుచూసిన ఇన్నాళ్లూ వాడు నేడు." ఊపిరి తీసుకుంది. "మీ అన్నల్ని ఎనక్కి పిలు. పెద్దోడికి ఫోన్ సెయ్యి. ఈ రేత్రి నువ్వు ఒక్కర్తివీ ఉండొద్దు. నాను బొంత పట్టుకుని వస్తన్నాను."

అటునుంచి మాట రాలేదు. ఏడుపూ రాలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా లేదు. తవిటమ్మ ఫోన్ అలాగే పట్టుకుని కూర్చుంది. ఊర్మిళ వింటూనే ఉందని తెలుసు. ఇటు నుంచి వినడానికి మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.